కోపం బల్ల

అద్దాల కొట్టు ముందు నుంచి వెళ్ళేవాళ్ళు లోపలికి ఒకసారి తొంగి చూడకుండా పోరు. కొందరు మొహం చూసుకోవడానికి చూస్తారు. మిగతావాళ్ళు అద్దాలమ్మ బల్ల మీద ఉందా లేదా అని చూస్తారు. ఆమె బల్ల మీద వెల్లకిలా పడుకుని, ముసుగు కొస కళ్ళ మీదికి లాక్కుని ఉందంటే ఎవరో ఆమెకు గట్టిగానే కోపం తెప్పించారన్నమాట.

"ఎవరమ్మా ఇవాళ?" అని ఎదురు టీ కొట్టాయన కళ్ళతోనే అడుగుతాడు కోడల్ని.

"వడ్రంగి," అంటుంది కోడలు, గొంతు పైకి రానీయకుండా.

"ఎక్కువేనా?"

"కూర్చుంటే తగ్గలేదు. పడుకున్నారు."

నిలబడి ఉండగా కోపం వస్తే కూర్చోవాలి, కూర్చున్నా తగ్గకపోతే పడుకోవాలి అనేది ప్రవక్త నేర్పిన పద్ధతి. ఆ వీధిలో చిన్నప్పుడు ఆ మాట విననివాళ్ళు లేరు. అందరూ విన్నారు, తలాడించారు, మళ్ళీ నిలబడే అరుచుకున్నారు. అద్దాలమ్మ మాత్రం దాన్ని వైద్యుడు రాసిచ్చిన మందులా పట్టుకుంది. చిక్కల్లా ఒక్కటే. అద్దాల కొట్టులో నేల మీద పడుకుంటే వీపు నిండా గాజు పెంకులే. అందుకని గోడ వారగా పొడుగాటి బల్ల ఒకటి వేయించుకుంది. వీధి దానికి కోపం బల్ల అని పేరు పెట్టింది. మధ్యాహ్నం ఎంత నిద్ర ముంచుకొచ్చినా ఆమె దాని మీద నడుం వాల్చదు. "మందు సీసాలో మంచినీళ్ళు పోసుకుంటామా?" అంటుంది.

కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు అత్తగారు ఉన్నట్టుండి ఆ బల్ల మీద వాలిపోవడం చూసి, ప్రాణం మీదికి వచ్చిందనుకుని చెంబెడు నీళ్ళు తెచ్చి మొహం మీద కొట్టింది. అద్దాలమ్మ లేచి కూర్చుని మొహం తుడుచుకుంది. "కోపానికి నీళ్ళు మంచివేనమ్మా. కానీ నమాజ్‌కి ముందు మొహం, కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ నేనే చేసుకుంటాను, నువ్వు చేయించక్కర్లేదు," అంది. ఆ రోజు ఇంట్లో అందరూ కడుపుబ్బ నవ్వారు. కోడలు మాత్రం బిక్కమొహం వేసింది.

కోడలి పుట్టింట్లో కోపం పద్ధతి వేరు. వాళ్ళమ్మ గరిటె విసిరితే వాళ్ళ నాన్న చెప్పు విసిరేవాడు, వీధి చివరి దాకా వినపడేది, అరగంటలో అందరూ ఒకే పళ్ళెం చుట్టూ చేరేవాళ్ళు. మనసులో ఉన్నది బయట పారేస్తే ఇల్లు శుభ్రంగా ఉంటుందని ఆమె నమ్మకం. అందుకే అత్తింటివాళ్ళు ఆమెకు అగ్గిపుల్ల అని పేరు పెట్టారు. ఆమె మొగుడు సరుకు బండి తోలుతాడు. "మా ఇంట్లో ఒకరు రాజేస్తారు, ఒకరు ఆర్పుతారు. నేను పొగ చూసుకుని వస్తాను," అని స్నేహితుల దగ్గర అంటాడు.

ఆ బల్లంటే కోడలికి లోలోపల చులకనే. నలుగురిలో మాట పడి, పోయి పడుకోవడం ఏం గొప్ప? భయమనకుండా సహనం అంటున్నారు, అంతే, అనుకునేది.

అయినా అత్తగారి పనంటే ఆమెకు ప్రాణం. అద్దం కోయడంలో రెండో అవకాశం ఉండదు. కటర్ చక్రాన్ని కిరసనాయిలులో ముంచి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే ఒత్తిడితో, ఒకే ఊపున గీత గీయాలి. గీస్తుంటే సన్నగా, గుడ్డ చిరిగినట్టు చప్పుడు రావాలి. గీత సరిగా పడలేదని దాని మీదే మళ్ళీ గీశామా, అద్దం మన మాట వినడం మానేసి తనకు తోచిన చోట విరుగుతుంది. చెయ్యి బరువుగా పడినా అంతే. కోడలు ఫొటో పటాలకి అద్దాలు కోయడం తొందరగానే నేర్చేసుకుంది. కానీ పెద్ద పలక ఏదైనా బల్లకెక్కితే అద్దాలమ్మ ఆమెను పక్కకి జరగమనేది.

"నా చెయ్యి బాగా లేదా అత్తయ్యా?"

"చెయ్యి బంగారం. కానీ ఆ చెయ్యి నీ మాట వినే ముందు నీ కోపం మాట వింటోంది."

కోడలికి అప్పుడు కూడా కోపం వచ్చింది.

మసీదు తలుపుకి పైన మూడు గళ్ళ కిటికీ ఒకటుంది. మధ్య గడిలో నీలం అద్దం. అది బిగించింది అద్దాలమ్మ పెనిమిటి. ఆయన పోయి చాలా కాలమైంది. గోడకి సున్నం వేస్తుండగా నిచ్చెన కొస తగిలి ఆ నీలం అద్దం కాస్తా పగిలింది. అలాంటి నీలం ఇప్పుడు ఎక్కడా తయారవడం లేదు. కానీ ఆయన అప్పట్లో మిగిలిన పలకని పాత కంబళిలో చుట్టి కొట్టు వెనక గదిలో నిలబెట్టి పోయాడు. అందులో ఆ గడికి రెండుసార్లు కోయడానికి సరిపడా అద్దం ఉంది, మూడోసారికి లేదు.

సరిగ్గా ఆ వారమే అద్దాలమ్మ కుడి మణికట్టు బెణికింది. కట్టు కట్టారు. కంబళి విప్పి, పలకని బల్ల మీద పడుకోబెట్టి, కోడలి వైపు చూసింది.

"నువ్వే కొయ్యాలమ్మా."

కోడలు అరచేతులు ముసుగుకి తుడుచుకుంది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన పని అది. అది బాగా వస్తే పెద్ద పలకలన్నీ ఇక ఆమె చేతికే. పాడైతే, మామగారి ఆఖరి గుర్తుని పాడు చేసిందన్న పేరుతో మళ్ళీ ఫొటో పటాల దగ్గరికే.

కొలత తెచ్చింది చిన్నమామ. అద్దాలమ్మ మరిది. ఊళ్ళో కిటికీలకి అద్దాలు బిగించే పని ఆయనదే. నోరు పెద్దది. నవ్వినా, పిలిచినా, తిట్టినా ఒకే గొంతు. ఆయన పొడవుకొకటి, వెడల్పుకొకటి సన్నటి పుల్లలు కోసి తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఇదిగో, పట్టు. వెంట్రుకవాసి తేడా రాకూడదు. అన్నయ్య అద్దం అది."

కోడలు బిస్మిల్లా అనుకుని, పుల్లలు ఆనించి, గీసింది. గుడ్డ చిరిగినట్టు చప్పుడు వచ్చింది. అంచు కింద రెండు వేళ్ళతో తట్టేసరికి అద్దం గీత వెంట వెన్నలా విడిపోయింది. అద్దాలమ్మ అంచు మీద వేలు పోనిచ్చి చూసి, కోడలి తల నిమిరింది. కోడలికి ఆ పూట కాళ్ళు నేల మీద ఆనలేదు.

సాయంత్రం అసర్ నమాజ్‌కి ఇంకా సమయం ఉండగా, వీధి మొదట్లోనే చిన్నమామ గొంతు వినపడింది. చేతిలో అదే నీలం అద్దం. వెనక మసీదులో నమాజ్‌కి పిలుస్తూ అజాన్ ఇచ్చే తాత, ఆయన వెనక పని మానుకుని వచ్చిన నలుగురైదుగురు.

"తక్కువైంది!" అని గుమ్మంలోంచే అరిచాడు. "నలుమూలలా తక్కువే! గడిలో పెడితే ఇవతల నుంచి అవతలకి జారి పడబోయింది. పట్టుకున్నాను కాబట్టి బతికింది!"

కోడలు లేచి నిలబడింది. "పుల్లలు ఆనించే కోశాను చిన్నమామా."

"ఆనించావు! ఆనిస్తే ఎందుకు తగ్గుద్ది? వదినా, అగ్గిపుల్ల చేతికి అద్దం ఇస్తే ఇంకేమవుద్ది? అన్నయ్య కంబళిలో చుట్టి పసిపిల్లలా దాచాడు. దాన్ని బూడిదలో పోశారు. అసలు వాళ్ళ పుట్టింట్లో గరిటెలు విసరడం తప్ప ఏమైనా నేర్పారా?"

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. కోడలి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. తనని ఎన్నయినా అననీ. అమ్మని అన్నాడు. నోరు తెరిచింది. లోపల మాటలు ఒకదాన్ని ఒకటి తోసుకుంటున్నాయి, ఏది ముందు బయటపడినా ఇల్లు రెండయ్యేలా ఉంది.

అప్పుడే అద్దాలమ్మ కూర్చుంది. ఉన్న చోటే, ముక్కాలి పీట మీద.

కోడలు ఆమె మొహం చూసింది. అంతకుముందు ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. మెడ మీద నరం తాడులా లేచింది. కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో ఒళ్ళో అదిమి పట్టుకుంది. ఇన్నాళ్ళూ అత్తగారికి కోపం తక్కువనుకుంది కోడలు. ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆమెకేనని ఆ క్షణంలో తెలిసింది.

అద్దాలమ్మ లేచి, బల్ల దగ్గరికి నడిచి, పడుకుంది. ముసుగు కొస కళ్ళ మీదికి లాక్కుంది.

"ఇదిగో, పడుకుంది!" చిన్నమామ చేతులు గాల్లోకి ఎత్తాడు. "వదినా, నేను అడుగుతున్నా, లేచి సమాధానం చెప్పు! ఏమయ్యా, చూశారా? అడిగితే నిద్రపోతుంది!"

ఈసారి నవ్వు పెద్దగానే వచ్చింది. బల్ల మీద మనిషి కదల్లేదు.

నలుగురూ నవ్వుతుండగా పడుకుని ఉండటానికి ఎంత బలం కావాలో కోడలికి అప్పుడు అర్థమైంది. నిలబడి అరవడం తనకి చేతనవును. అది చేతకానివాళ్ళు ఎవరున్నారు? ఆమె ముసుగు కొస పళ్ళ మధ్య పెట్టుకుని, అద్దాలు పెట్టే ఖాళీ పెట్టె బోర్లించి, దాని మీద కూర్చుంది. కూర్చున్నా లోపల భగభగమంటూనే ఉంది. పడుకోవడానికి ఇంకో బల్ల లేదు.

చిన్నమామ ఇంకో రెండు మాటలన్నాడు. వాటికీ జవాబు రాలేదు. కుస్తీకి గోచీ బిగించి దిగితే బరిలో ఎవరూ లేనట్టయింది ఆయన పని. కాసేపు అటూ ఇటూ చూసి, అద్దాన్ని జాగ్రత్తగా గోడకి ఆనించి, వెళ్ళి టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. చుట్టూ చేరినవాళ్ళు ఇక చూడటానికేమీ లేక ఎవరి దారిన వాళ్ళు పోయారు.

అద్దాలమ్మ లేచి వజూ చేసుకుంది. ఎడమ చేత్తో నీళ్ళు పోసుకోవడం కష్టమవుతుంటే కోడలు చెంబు అందుకుని పోసింది.

"అత్తయ్యా, నేను పుల్ల ప్రకారమే కోశాను."

"నాకు తెలుసు. నా కళ్ళ ముందేగా కోశావు."

"తెలిస్తే ఆ మాట అక్కడే అనొచ్చుగా! అందరూ నవ్వుతుంటే..."

"అప్పుడు అని ఉంటే ఆ మాట మీద నాలుగు మాటలు అతికించేదాన్ని తల్లీ. మీ మామ పోయినప్పుడు ఆయన దుకాణం మూసేయమన్నదీ, నేను అప్పు చేసి ఆయనకి పెళ్ళి చేసిందీ, అన్నీ బయటికొచ్చేవి." పాదాల మీద నీళ్ళు పోయించుకుంటూ ఆగింది. "దెబ్బ తగిలిన మొదటి క్షణం ఉంది చూడు, సబర్, అదే ఓర్పు, అక్కడే చెయ్యాలి. సాయంత్రానికి అందరికీ వస్తుంది, అది సబర్ కాదు, అలసట."

"మరి అన్న మాటలు పడాల్సిందేనా?"

"ఎందుకు పడాలి? నిజం చెప్పకుండా మింగి కూర్చోమని ఎవరూ నేర్పలేదు నాకు. చెప్దాం. ముందు నిజం ఏంటో చూద్దాం. నిచ్చెన ఎక్కగలవా?"

నమాజ్ చదువుకుని ఇద్దరూ మసీదుకి వెళ్ళారు. అప్పుడే లోపల అందరూ కలిసి చేసే అసర్ జమాత్ ముగిసింది. అజాన్ తాత నిచ్చెన తెచ్చి తలుపు మీదికి ఆనించాడు. కోడలు ఎక్కి, మధ్య గడిలో వేలు పెట్టింది. చట్రం చుట్టూ లోపలికి గాడి ఉంది. అద్దం ఆ గాడిలో కూర్చోవాలి. అద్దాన్ని పట్టి ఉంచడానికి పూసిన పాత లప్పం గట్టిపడి గాడిని నిండా కప్పేసింది. గోటితో గీకితే పొడి రాలింది, లోపల పాత నీలం అద్దం ముక్క ఒకటి తళుక్కుమంది. వెంట తెచ్చిన పుల్ల అడ్డంగా ఆనించి చూసింది. బయటికి కనిపించే వెడల్పుకి అది సరిగ్గా సరిపోయింది. గాడిలోకి పోవాల్సిన భాగం పుల్లలో లేదు.

లప్పం గీకకుండానే కొలిచేశాడు చిన్నమామ! ఇన్నేళ్ళ పనివాడు, నిద్రలో కూడా చెయ్యని తప్పు. ఎలా చేశాడో కూడా కోడలికి గుర్తొచ్చింది. కొలత తీసిన రోజు నిచ్చెన తగిలించిన సున్నం మేస్త్రీతో ఆయన ఇక్కడే గొంతు చించుకుని పోట్లాడాడని మొగుడు చెప్పాడు. ఆ ఊపులోనే నిచ్చెనెక్కి కొలిచాడు.

కింద జనం బయటికి వస్తున్నారు. చెప్పులు వెతుక్కుంటున్నారు. ఇందాక నవ్వినవాళ్ళంతా ఉన్నారు. వాళ్ళ మధ్యలో చిన్నమామ కూడా, తల పైకెత్తి చూస్తూ.

కోడలి నాలుక మీదికి ఎంత తియ్యటి మాట వచ్చిందో! పుల్ల పైకెత్తి ఒక్క కేక వేస్తే చాలు. అమ్మని అన్న మాటకి బాకీ చెల్లు. ఇందాక తప్పు ఎవరిదో తెలియదు, నోరు మూసుకోవడం కొంచెం తేలిక. ఇప్పుడు న్యాయం తన చేతిలో పుల్లలా ఉంది.

ఆమె నిచ్చెన మెట్టు మీద కూర్చుంది.

"ఏమైందమ్మా? కళ్ళు తిరిగాయా?" అని అజాన్ తాత కంగారుపడ్డాడు.

"ఏం లేదు తాతా, కూర్చోవాలనిపించింది."

"అక్కడా!" అన్నాడెవరో.

నిచ్చెన పట్టుకుని నిలబడ్డ అద్దాలమ్మ పైకి చూసింది. నిచ్చెనని ఎడమ చేత్తో ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. పైన కోడలు నిచ్చెన పక్క కర్రకి తల ఆనించింది. కాసేపటికి ఊపిరి ఊపిరిలా వచ్చింది.

"చిన్నమామా," అని పిలిచింది. గొంతు మామూలుగా రావడం ఆమెకే వింతగా తోచింది. "ఒక్కసారి పైకి వస్తారా? గాడి చూడాలి."

"గాడేంటి? నాకు తెలియని గాడా?" అంటూనే ఆయన ముందుకొచ్చాడు. ఆమె దిగి చోటిచ్చింది. ఆయన ఎక్కాడు. గీకిన చోట వేలు పెట్టాడు. వేలు లోపలికి పోయింది. అంతే, ఆ పెద్ద గొంతు మూగబోయింది. వెనకనుంచి చూస్తే మెడ ఎర్రబడటం మాత్రం కనిపించింది.

దిగి, మట్టి అంటిన వేలు పైపంచెకి తుడుచుకున్నాడు. అద్దాలమ్మ దగ్గరికి వచ్చి చిన్నగా, "వదినా, ఇంటికి వచ్చి మాట్లాడతా," అన్నాడు.

అద్దాలమ్మ కూడా చిన్నగానే అంది. "ఇంటికి రా. నీ కోసం ఎప్పుడైనా తలుపు తీసే ఉంటుంది. కానీ పిల్లని అన్నది వీధిలో కదా, మరిదీ."

ఆ మాటలో కసి లేదు. అద్దం అంచు ఎక్కడ పదునుగా ఉందో చూపించినట్టు చెప్పింది, అంతే. చిన్నమామ చెప్పులు వేసుకోబోయి ఆగాడు. వెనక్కి తిరిగాడు. చిన్నగా మాట్లాడటం ఆయనకి ఎలాగూ రాదు.

"ఏమయ్యా! వినండి. కొలత తప్పు నాది. లప్పం గీకకుండా కొలిచాను. పిల్ల పుల్ల ప్రకారం సరిగ్గానే కోసింది. వాళ్ళ పుట్టింటి మాట కూడా నోరు జారి అన్నాను."

ఎవరూ నవ్వలేదు. అజాన్ తాత మాత్రం, "అల్లాహ్ నీకు మేలు చేయుగాక. అజాన్ ఇవ్వడానికి నిన్నే పెట్టాల్సింది, మైకు ఖర్చు తప్పేది," అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. చిన్నమామ కూడా.

మర్నాడు పొద్దున్నే ఆయనే గాడి శుభ్రంగా గీకి, కొత్త పుల్లలు తెచ్చాడు. మిగిలిన ఆఖరి నీలం పలక కోత బల్ల మీద ఉంది. అద్దాలమ్మ కటర్ని కోడలి చేతికిచ్చి, "ఎలా ఉంది?" అని అడిగింది.

ఒకప్పుడైతే కోడలు బాగుందనేది. అబద్ధమైనా అనేది. ఈ పని కోసం ఎన్నాళ్ళు చూసింది! కటర్ని అలాగే పట్టుకుని లోపలికి చూసుకుంది. క్షమాపణ చెప్పించుకున్నా అమ్మ మాట ఇంకా ముల్లులా గుచ్చుతోంది. రాత్రి కలలో కూడా దానికి జవాబులు చెప్పింది.

"ఇంకా మంటగానే ఉంది అత్తయ్యా. చెయ్యి బరువుగా పడుతుంది."

చిన్నమామ గతుక్కుమన్నాడు. "మసీదులో అట్ట ముక్క అడ్డం పెట్టి వచ్చాను. అందరూ అడుగుతారు..."

"అడగనివ్వండి చిన్నమామా. ఇవాళ కొయ్యను."

అద్దాలమ్మ పలక మీద కంబళి కప్పింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగడం కోడలు చూసి, మణికట్టు నొప్పి అనుకుంది.

"అత్తయ్యా, ఎక్కువగా నొప్పి పుడుతోందా?"

"లేదమ్మా. మీ మామ ఉంటే నిన్ను చూపించేదాన్ని," అంది అద్దాలమ్మ.

ఆ రోజంతా కోడలు ఫొటో పటాల అద్దాలు తుడిచింది. మధ్యాహ్నం జుహర్ నమాజ్ తర్వాత అమ్మ కోసం, ఆ తర్వాత చాలాసేపు తటపటాయించి, చిన్నమామ కోసం దువా చేసింది. రెండోది నోటితో చేసింది, మనసు వెనకబడింది. అయినా చేసింది.

తర్వాతి రోజు పొద్దున ఎవరూ అడగకుండానే ఆమె కంబళి తీసింది. చక్రాన్ని కిరసనాయిలులో ముంచింది. చిన్నమామ బల్లకి అవతల నిలబడి పలక కొస పట్టుకున్నాడు. ఊపిరి తీస్తే అద్దం కదులుతుందేమో అన్నట్టు బిగబట్టాడు. అద్దాలమ్మ బెణికిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, చూడకుండా, చెవులు మాత్రం ఇటు పెట్టి కూర్చుంది.

బిస్మిల్లా.

గీత ఒక్క ఊపున ఆ చివరికి చేరింది. కోడలు పలకని అంచుకి జరిపి, కింద వేళ్ళతో తట్టింది. టక్కున, గీసిన చోటే, విడిపోయింది.

చిన్నమామ ఊపిరి వదిలాడు. "బతికాం వదినా."

అద్దాలమ్మ ఇటు తిరగనే లేదు. చప్పుడుతోనే తెలిసిపోయిందామెకి. గుమ్మంలో నిలువెత్తు అద్దం కావాలంటూ అప్పుడే వచ్చి నిలబడ్డ ఆసామితో మాట్లాడుతోంది.

"నా చెయ్యి బాగా లేదు బాబూ. బాగైనా సరే, పెద్ద పలకలు మా కోడలే కోస్తుంది. కొలత ఆ అమ్మాయికి చెప్పండి."